చేయి అందేంత దూరం

లెఫ్ట్ ఫర్ డెడ్ అనే వీడియో గేమ్‌లో హంటర్ అనే శత్రువు ఒకడున్నాడు. చీకటి మూలల్లో నక్కి గుర్రుమంటాడు, ఏ మేడ అంచు నుంచో ఎగిరి వచ్చి మనిషి గుండెల మీద పడతాడు. పడ్డాక ఆటగాడి చేతిలో ఇక ఏమీ ఉండదు. తుపాకి నిండా గుళ్లున్నా పేల్చలేడు, పక్కకి దొర్లలేడు, విదిలించుకోలేడు. తెర మీద గోళ్లు చీరుతూ ఉంటాయి, హెల్త్ అంకె తరుగుతూ ఉంటుంది. అతన్ని విడిపించాల్సింది మరొకరు. ఆ మరొకరు నాలుగడుగుల దూరంలో ఉంటే ఒక్క తోపుతో తప్పిపోయే గండం అది. వీధి చివర ఉంటే ప్రాణం మీదికి వస్తుంది. గురి ఎంత గొప్పదైనా, ఎన్నేళ్లుగా ఆడుతున్నా ఈ నియమం ఎవరినీ వదలదు. నలుగురు కలిసి ఆడే తుపాకి ఆటల్లో జట్టు అంటే ఏమిటో నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి బడి లేదు.

2008 నవంబరులో వచ్చిన ఈ గేమ్ వెనక ఉన్నది అమెరికాలోని టర్టిల్ రాక్ స్టూడియోస్. అంతకుముందు వాళ్లు కౌంటర్ స్ట్రైక్ కోసం బాట్‌లని, అంటే కంప్యూటరే నడిపే ఆటగాళ్లని, తయారు చేసేవారు. హైదరాబాద్‌లోనూ, విజయవాడలోనూ ఒక తరం కుర్రాళ్లు నెట్ సెంటర్లలో గంట లెక్కన డబ్బు కట్టి ఆడిన కౌంటర్ స్ట్రైక్ అదే. తుపాకులు పట్టిన కొద్దిమంది ఒకవైపు, కత్తులు తప్ప ఏమీ లేని బాట్‌ల దండు మరోవైపు నిలిచి ఆడితే విచిత్రమైన ఉత్సాహం పుట్టడం వాళ్లు గమనించారు. ఒక్కొక్క బాట్ చేతగానిదే. మూకగా వచ్చి మీద పడినప్పుడు మాత్రం ఒంటరిగా చిక్కినవాడి పని అయిపోయేది, కలిసి నిలబడ్డవాళ్లు గట్టెక్కేవారు. ఆ గమనింపు చుట్టూ అల్లిన గేమే లెఫ్ట్ ఫర్ డెడ్. 2008 జనవరిలో వాల్వ్ సంస్థ ఆ స్టూడియోని కొనేసింది. మొదటి భాగం వచ్చి ఏడాది తిరిగేసరికి, 2009 నవంబరులో, రెండో భాగం వచ్చింది. జార్జియా రాష్ట్రంలోని సవానా నుంచి న్యూ ఆర్లీన్స్ దాకా నలుగురు మనుషులు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని సాగించే ప్రయాణం ఇందులోని కథ. చుట్టూ ఊళ్లన్నీ ఒక రోగం సోకి పిచ్చెక్కిన జనంతో నిండి ఉంటాయి.

ఆ రోగులలో మామూలు వాళ్లు సంఖ్యా బలంతో వస్తారు. ప్రత్యేకమైన వాళ్లు కొందరున్నారు. వాళ్లలో ఒక్కొక్కరు జట్టులోని ఒక్కొక్క బలహీనతని వెతుకుతారు. స్మోకర్ పొడుగాటి నాలుకతో వెనక బడ్డవాణ్ని చుట్టి ఈడ్చుకుపోతాడు. జాకీ మెడ మీద ఎక్కి కూర్చుని, మనిషిని గుర్రంలా తోలుతూ తనవాళ్ల నుంచి దూరంగా తీసుకుపోతాడు. హంటర్ సంగతి చెప్పుకున్నాం. ఈ ముగ్గురూ విడిపోయినవాళ్ల కోసమే కాచుకుని ఉంటారు. అలాగని నలుగురూ ఒకరి మీద ఒకరు పడేంత దగ్గరగా నిలబడితే దానికీ మందుంది. చార్జర్ ఎద్దులా దూసుకొచ్చి ఒకణ్ని ఎత్తుకుపోతూ దారిలో ఉన్న మిగతావాళ్లని చెల్లాచెదురు చేస్తాడు. స్పిటర్ ఉమ్మిన ఆసిడ్ మడుగులో గుంపు గుంపంతా కాలుతుంది. బూమర్ కక్కిన పైత్యం మీద పడితే కళ్లు కనపడవు, ఊళ్లో ఉన్న మూక అంతా ఆ వాసనకి పరుగెత్తుకొస్తుంది. ఒకేచోట ముద్దగా నిలబడ్డ నలుగురికీ ఒకే కక్కుతో ఆ గతి పడుతుంది.

కాబట్టి మొదట నేర్చుకోవలసింది దూరం. ఒకరికొకరు అడ్డం కాకూడదు, ఒకరికొకరు అందకుండానూ పోకూడదు. చెడుగుడు ఆడినవాళ్లకి ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. కూతకి వచ్చినవాణ్ని పట్టేందుకు ఇద్దరు చేయీ చేయీ పట్టుకుని గొలుసుగా నిలబడతారు. చేతులు మరీ దగ్గరైతే చుట్టడానికి చోటుండదు, విడిపోతే మధ్యలోంచి వాడు జారిపోతాడు. లెఫ్ట్ ఫర్ డెడ్‌లో చేతులు పట్టుకోరు, కళ్లతో పట్టుకుంటారు. నలుగురిలో ఏ ఒక్కరైనా తల తిప్పితే మిగిలిన ముగ్గురూ కనపడాలి, నాలుగైదు అంగల్లో అందాలి. గేమ్ తయారు చేసినవాళ్లు ఇందుకు ఒక సాయం కూడా చేశారు. గోడల అవతల ఉన్నా సరే, తోటివాళ్ల ఆకారం చుట్టూ వెలుగు గీత కనపడుతుంది. ఆటలో అనుభవం వచ్చినవాళ్ల చూపు శత్రువుల కంటే ఎక్కువసార్లు ఆ గీతల మీదే ఉంటుంది. రెండో భాగంలో రియలిజం అనే పద్ధతి ఎంచుకుంటే ఆ గీతలు మాయమవుతాయి. అప్పుడు మిగిలేవి చెవులు, నోరు.

జట్టు ఎలా కూలుతుందో ఒక్కసారి దగ్గరగా చూడాలి. ఆసుపత్రి వరండా. నలుగురు నడుస్తున్నారు. ముందున్నవాడికి పక్క గదిలో బల్ల మీద మాత్రల సీసా కనపడింది. చెప్పకుండా లోపలికి తిరిగాడు. రెండోవాడు అది చూడలేదు, నేరుగా వెళ్లిపోయాడు. మూడోవాడి హెల్త్ 40 కంటే తగ్గింది. ఈ గేమ్‌లో 40 కంటే తగ్గితే మనిషి కుంటుతాడు, కనుక అతను వెనకబడ్డాడు. నాలుగోవాడు అతని కోసం ఆగాడు. ఇప్పుడు నలుగురు కాస్తా మూడు చోట్ల ఉన్నారు. గదిలో ఉన్నవాడి మీద హంటర్ పడ్డాడు. అరుపు విని రెండోవాడు వెనక్కి పరుగెత్తాడు, కంగారులో మూలలో ఉన్న బూమర్‌ని దగ్గరగా కాల్చి పైత్యమంతా నెత్తి మీద పోసుకున్నాడు. మూక వచ్చింది. కుంటివాడూ అతనికి కాపలా ఉన్నవాడూ మూకకి అవతల చిక్కుకున్నారు. ఒకటిన్నర నిమిషంలో ఆట ముగిసింది. తప్పెవరిదంటే ఆఖరున చచ్చినవాడిదని అనిపిస్తుంది, ఎందుకంటే అందరూ అప్పుడు చూస్తున్నది అతణ్నే. అసలు తప్పు మాత్రల సీసాది కూడా కాదు. "మాత్రలున్నాయి, ఆగండి" అన్న రెండు మాటలు అనకపోవడమే తప్పు.

నడిచే వరుస గురించి రకరకాల అభిప్రాయాలున్నా ఒకటి మాత్రం నిలిచే మాట. అందరికంటే నెమ్మదిగా నడిచేవాడి వేగమే జట్టు వేగం కావాలి. కుంటేవాణ్ని మధ్యలో పెట్టాలి. షాట్‌గన్ ఉన్నవాడు ముందుంటే మంచిది, ఎందుకంటే తలుపు తెరుచుకోగానే ఎదురయ్యేది దగ్గరి శత్రువే. రైఫిల్ ఉన్నవాడు అతని భుజం మీదుగా దూరం చూస్తాడు. ఆఖరున నడిచేవాడిది అందరికంటే గొప్ప ఉద్యోగం, అందరికంటే గుర్తింపు తక్కువ ఉద్యోగం కూడా. అతను సగం దారి వెనక్కి తిరిగే నడవాలి. స్మోకర్ నాలుకకి మొదట చిక్కేది అతనే కనుక, అతని ముందున్నవాడు అప్పుడప్పుడు వెనక్కి చూడడం మర్యాద కాదు, అవసరం.

తోటివాళ్ల గుళ్లు తగలడం ఈ గేమ్‌లో నిజమైన ప్రమాదం. సులువైన స్థాయిలో ఆ బాధ లేదు. కష్టం పెరిగేకొద్దీ అది పెరుగుతుంది, ఎక్స్‌పర్ట్ స్థాయిలో స్నేహితుడి షాట్‌గన్ శత్రువు గోళ్ల కంటే తక్కువేమీ కాదు. దీనికి విరుగుడు చిన్నది, కానీ కొత్తవాళ్లకి ఎవరూ చెప్పరు. ముందున్నవాడు కూర్చోవాలి. మూక తలుపులోంచి వస్తున్నప్పుడు ముందు ఇద్దరు మోకాళ్ల మీద కూర్చుంటే వెనక ఇద్దరు వాళ్ల తలల మీదుగా కాల్చవచ్చు. కూర్చున్నవాళ్ల గురి కూడా కుదురుగా ఉంటుంది. నిలబడి ముందుకీ వెనక్కీ గెంతేవాడు తన ప్రాణానికే కాక వెనకవాడి తుపాకికి కూడా అడ్డమే. ఇంకో మాట, ఇద్దరూ ఒకేసారి గుళ్లు నింపుకోకూడదు. ఒకడు "రీలోడ్" అన్నప్పుడు పక్కవాడి తుపాకి నిండుగా ఉండాలి. గేమ్‌లోని పాత్రలు ఈ మాటని వాటంతట అవే అరుస్తాయి. వినడం మాత్రం ఆటగాళ్ల వంతు.

మాట దగ్గరే జట్లు ఎక్కువగా చెడతాయి. కంగారులో నోటికొచ్చేవి "అదిగో", "అక్కడ", "వాడు", "చూడు చూడు". ఇవి చెప్పేవాడి కళ్లకి తప్ప ఇంకెవరికీ పనికిరావు. పనికొచ్చే మాటలో రెండే ఉంటాయి, ఏమిటన్నది, ఎక్కడన్నది. "మెట్ల కింద స్మోకర్." "ఎర్ర కారు వెనక చార్జర్." "అన్నా, నీ వెనక." కుడి, ఎడమ అన్నవి మోసం చేస్తాయి, ఎందుకంటే నలుగురు నాలుగు వైపులకి తిరిగి ఉన్నప్పుడు ఒకరి కుడి మరొకరికి ఎడమ. మెట్లు, కిటికీ, లారీ, మందుల అల్మారా, ఇలా అందరికీ ఒకేలా కనపడే వస్తువు పేరు చెబితే ఎవరూ తికమకపడరు. పబ్జీ, బీజీఎమ్ఐ స్క్వాడ్‌లతో మైక్ అలవాటైన తెలుగు కుర్రాళ్లకి "నాక్ అయ్యా మామా, రివైవ్ ఇయ్యి" అనడం ఊపిరి తీసినంత సహజం. అందులో లోపం ఒక్కటే. పడింది ఎక్కడో, కొట్టింది ఎవరో ఆ మాటలో లేదు. "తలుపు దగ్గర పడ్డా, చార్జర్ ఇంకా బతికే ఉన్నాడు" అంటే వచ్చేవాడు ప్రాణాలతో వస్తాడు.

చార్జర్ బతికున్నాడని చెప్పడం ఎందుకంత ముఖ్యమంటే, పట్టిన ఒక్కొక్కడిని వదిలించే పద్ధతి ఒక్కోటి. హంటర్‌నీ జాకీనీ తుపాకి మడమతో తోస్తే చాలు, ఎగిరి పక్కకి పడతారు. స్మోకర్ నాలుకకి చిక్కి వేలాడుతున్నవాణ్ని తోసినా నాలుక తెగుతుంది. చార్జర్ ఒక్కడే తోపులకి చలించడు. అతనికి 600 హెల్త్, మనిషిని నేలకేసి కొడుతూనే ఉంటాడు, చంపితే తప్ప వదలడు. ఇది తెలియక మంచి మనసున్న ఆటగాళ్లు ఎందరో చార్జర్‌ని పదేపదే తోస్తూ స్నేహితుడు చచ్చిపోవడం చూశారు. బూమర్ దగ్గర నియమం తిరగబడుతుంది. అతనికున్నది 50 హెల్తే, ఒక్క గుండుతో పేలిపోతాడు, పేలడమే ప్రమాదం. ముందు తోయాలి, రెండడుగులు వెనక్కి వేయాలి, అప్పుడు కాల్చాలి. గుంపులో ఒక్కరు తొందరపడి ముందే కాలిస్తే నలుగురూ తడుస్తారు. పైత్యం పడ్డవాడు గుడ్డివాడితో సమానం. గోడకి వీపు ఆనించి కూర్చోవాలి, తుపాకి పేల్చకుండా కేవలం తోస్తూ ఉండాలి. చూపున్నవాళ్లు అతని చుట్టూ నిలబడాలి.

పడ్డవాణ్ని లేపడం ఈ ఆటకి గుండెకాయ. హెల్త్ సున్నా అయిన ఆటగాడు వెంటనే చావడు. నేల మీద పడి, చేతిలో పిస్తోలుతో కాలుస్తూ, రక్తం కారిపోతూ ఎదురుచూస్తాడు. మరొకరు వచ్చి 5 సెకన్లపాటు చేయందిస్తే లేస్తాడు. లేచాక వచ్చేది 30 హెల్త్, అదీ నిలిచేది కాదు, క్షణక్షణానికి కరిగిపోయేది. రెండుసార్లు అలా లేచినవాడికి లోకం నలుపు తెలుపుల్లో కనపడడం మొదలవుతుంది. ఆ తర్వాత పడితే లేవడం ఉండదు.

5 సెకన్లు చాలా తక్కువ అనిపిస్తుంది. మూక మధ్యలో అది ఒక యుగం. లేపేవాడు ఆ సేపు తుపాకి వాడలేడు, అతనికే దెబ్బలు తగులుతుంటాయి. అందుకే అరుపు వినగానే ముగ్గురూ పరుగెత్తుకెళ్లి పడ్డవాడి మీద వంగడం ప్రేమే కావచ్చు కానీ సాయం కాదు. ముందు చుట్టూ ఖాళీ చేయాలి. తర్వాత ఒక్కడు వంగాలి, మిగతా ఇద్దరు అటొకడు ఇటొకడు బయటికి చూస్తూ నిలబడాలి. పడ్డవాడు కూడా ఊరుకోకూడదు. అతని చేతిలో పిస్తోలుంది, లేపడానికి వస్తున్నవాడి వెనక ఏముందో అతనికే బాగా కనపడుతుంది. మంచి ఆటగాణ్ని గుర్తుపట్టేది ఇక్కడే. కింద పడి ఉండి కూడా తన గురించి కాక, వచ్చేవాడి వెనక ఉన్న హంటర్ గురించి చెప్పేవాడు జట్టుకి పెద్ద దిక్కు.

ఒక్కోసారి లేపకూడదు. చెప్పడానికి కఠినంగానే ఉంటుంది. ఎక్స్‌పర్ట్ స్థాయిలో మామూలు రోగి ఒక్క దెబ్బకి 20 హెల్త్ తీస్తాడు. అంటే ఐదు దెబ్బలకి నిండు మనిషి నేలకొరుగుతాడు. ఒకణ్ని కాపాడబోయి ఇద్దరు, ఇద్దరి కోసం ముగ్గురు పడిపోవడం ఆ స్థాయిలో రోజూ జరిగేదే. చనిపోయినవాడు తర్వాత ఏదో ఒక గదిలో తలుపు వెనక ప్రత్యక్షమై తెరవమని పిలుస్తాడు, లేదా తర్వాతి మజిలీలో సగం హెల్త్‌తో తిరిగి వస్తాడు. కాబట్టి "వదిలేయండి, వెళ్లిపోండి" అని పడ్డవాడే చెప్పగలిగితే అది గొప్ప సాయం. ఆ మాట నిలబడ్డవాళ్లు అంటే వదిలేసినట్టుంటుంది. పడ్డవాడు అంటే దారి చూపినట్టుంటుంది. చనిపోయాక కూడా అతను మిగతావాళ్ల భుజాల మీదుగా ఆట చూస్తూనే ఉంటాడు. అప్పుడు నిందలు మాని, బతికున్నవాళ్లకి కనపడనిది మాత్రం చెబితే జట్టుకి అదనంగా రెండు కళ్లు దొరికినట్టే.

మందుల పంపకం దగ్గర కొంత లెక్క తెలియాలి. ఒక్కొక్కరి వీపు మీద ఒక వైద్యపు కిట్ ఉంటుంది. అది పోయిన హెల్త్‌లో 80 శాతం తిరిగి ఇస్తుంది. 60 మీద ఉన్నవాడు వాడుకుంటే 32 వస్తుంది. 20 మీద ఉన్నవాడు వాడుకుంటే 64 వస్తుంది. పైగా పడిన లెక్క కూడా చెరిగిపోతుంది, నలుపు తెలుపు లోకం మళ్లీ రంగుల్లోకి వస్తుంది. కాబట్టి చిన్న గీరుకి కిట్ విప్పడం దుబారా. రెండుసార్లు పడి లేచినవాడికి కిట్ వేయకపోవడం అంతకంటే పెద్ద తప్పు. ఆ మధ్యలో ఉన్నవాళ్లకి మాత్రలు ఉన్నాయి, 50 హెల్త్ ఇస్తాయి, అయితే అది మెల్లగా జారిపోతుంది.

ఈ గేమ్‌లో ఒకరి కిట్‌తో మరొకరికి కట్టు కట్టవచ్చు, మాత్రలు చేతికి అందించవచ్చు. దెబ్బలు తగలకుండా ఒడుపుగా ఆడేవాడి వీపు మీద కిట్ అలాగే మిగిలిపోతుంది. అది అతని నైపుణ్యానికి బహుమతి అని కొందరనుకుంటారు. నిజానికి అది జట్టు ఖజానా, అతను కేవలం మోస్తున్నాడు. నిండు ఆరోగ్యంతో ఉన్నవాడు కుంటుతున్న కొత్తవాడి దగ్గర ఆగి, "కదలకు" అని తన కిట్ విప్పే ఆ 5 సెకన్లు ఈ ఆటలో చూడదగ్గ దృశ్యాల్లో ఒకటి. తర్వాత ఆ కొత్తవాడు జట్టుని వదిలి దూరంగా పరుగెత్తడు. ఇది ఎన్ని సూచనలిచ్చినా రాని మార్పు.

విసిరే వస్తువులకీ ఇదే వర్తిస్తుంది. పైప్ బాంబు కూత పెడుతూ మూకని తన వైపు లాక్కుని పేలుతుంది. మూక వచ్చిన క్షణాన ఇద్దరు ఒకేసారి రెండు విసిరితే ఒకటి గాలికి పోయినట్టే. "నేను వేస్తున్నా" అన్న ఒక్క మాటతో రెండోది తర్వాతి గండానికి మిగులుతుంది.

గండాలు ఎప్పుడొస్తాయో ముందుగా చెప్పలేం, ఎందుకంటే ఈ గేమ్‌లో శత్రువుల రాకపోకలని నడిపే డైరెక్టర్ అనే ప్రోగ్రామ్ ఒకటుంది. మైక్ బూత్ నాయకత్వంలో రూపొందిన ఈ ఏర్పాటు ప్రతి ఆటగాడి ఒత్తిడినీ అంచనా వేస్తూ ఉంటుంది. దెబ్బలు తగిలేకొద్దీ, దగ్గర్లో శత్రువులు చచ్చేకొద్దీ ఆ అంచనా పెరుగుతుంది. అది శిఖరానికి చేరాక కొత్త మూకలని ఆపి కాస్త ఊపిరి తీసుకోనిస్తుంది, మళ్లీ పెంచుతుంది. ఒకే దారిలో పదిసార్లు నడిచినా పదిరకాలుగా జరగడానికి కారణం ఇదే. జట్టుకి దీనివల్ల పనికొచ్చే సంగతి ఏమిటంటే, మూక తగ్గాక వచ్చే నిశ్శబ్దం తిరుగుళ్లకి కాదు. గుళ్లు నింపుకోవడానికి, మందులు పంచుకోవడానికి, ఎవరి పరిస్థితి ఏమిటో అడగడానికి. ఆ పని అరనిమిషంలో ముగించి కదలాలి. ఎంత జాగ్రత్తగా ఆడినా ఒకేచోట కూర్చుంటే మూకలు రావడం ఆగదు, మందుగుండూ మందులూ మాత్రం అయిపోతాయి. నిదానం వేరు, తాత్సారం వేరు.

ట్యాంక్ అనే భారీ శత్రువు వచ్చినప్పుడు ఈ పాఠాలన్నీ ఒకేసారి పరీక్షకి వస్తాయి. మామూలు స్థాయిలోనే అతనికి 4000 హెల్త్ ఉంటుంది. కార్లని బంతుల్లా తన్నుతాడు, కాంక్రీటు ముక్కలు పెకలించి విసురుతాడు. అతను ఎప్పుడూ ఒకరినే గురిపెట్టి వస్తాడు. ఆ ఒకరి పని కాల్చడం కాదు, పరుగెత్తడం. మిగతా ముగ్గురి పని కాల్చడం, అంతకుమించి పరుగెత్తేవాడి దారికి అడ్డు రాకపోవడం. ఇరుకు గుమ్మంలో ఇద్దరు తగులుకుని ఇద్దరూ పడిపోయిన జట్లే ఎక్కువ. కాబట్టి ట్యాంక్ అడుగుల చప్పుడు వినగానే వెనక్కి వెళ్లే దారి ఏదో అందరూ ఒకసారి అనుకోవాలి. ఒకడు మొలటోవ్ సీసా విసిరి నిప్పంటిస్తే, నీళ్లలోకి దిగితే తప్ప ఆ మంట ఆరదు. అప్పుడిక ధైర్యం చూపించాల్సిన పని కూడా లేదు. అతను కాలుతుంటే అందకుండా తిరగడమే సరిపోతుంది.

విచ్ అనే రోగి ట్యాంక్‌కి పూర్తిగా ఎదురు. ఆమె ఓ మూల కూర్చుని ఏడుస్తూ ఉంటుంది, ఎవరి జోలికీ రాదు. టార్చి వెలుగు మీద పడినా, మరీ దగ్గరికి వెళ్లినా, ఒక గుండు తగిలినా లేస్తుంది. లేపినవాడి మీదికే వస్తుంది. ఎక్స్‌పర్ట్ స్థాయిలో ఒక్క దెబ్బకి ప్రాణం తీస్తుంది. ఏడుపు వినపడగానే నలుగురూ టార్చీలు ఆర్పాలి, ఒకే వైపు నుంచి ఒకే వరుసలో దాటాలి. ముగ్గురు ఎంత జాగ్రత్తగా ఉన్నా నాలుగోవాడి వేలు తొందరపడితే చాలు. హార్డ్ రెయిన్ అనే ప్రయాణంలో ఒక చక్కెర మిల్లు నిండా ఇలాంటి విచ్‌లే ఉంటారు. దాన్ని దాటి వెళ్లి, మళ్లీ తుపానులో అదే దారిన వెనక్కి రావాలి. వాన హోరులో పదడుగుల దూరం కనపడదు. అక్కడ ఒకరి వెనక ఒకరు అడుగులో అడుగు వేసి నడిచిన జట్లే తిరిగి బయల్దేరిన చోటి దాకా చేరతాయి.

పని పంచుకోవడం ఎలాగో చూడాలంటే రెండో భాగంలో సవానాలోని మాల్ ఘట్టం ఉంది. ఒక కారు నిండడానికి 13 పెట్రోలు డబ్బాలు కావాలి. అవి వేర్వేరు అంతస్తుల్లో చెల్లాచెదురుగా ఉంటాయి. డబ్బా మోసేవాడి చేతులు ఖాళీ ఉండవు కనుక కాల్చలేడు. నలుగురూ తలో దిక్కుకి పోయి తలో డబ్బా తెద్దామంటే సాగదు. ఇద్దరు మోస్తే ఇద్దరు కాపలా కాయాలి. ఇంకా తెలివైన జట్లు పై అంతస్తుల డబ్బాలని ముందు కిందికి, కారు దగ్గరికి విసిరేస్తాయి, అవన్నీ పోగయ్యాక దిగి వచ్చి ఒక్కొక్కటే పోస్తాయి. ఆ కాపలా కాసిన ఇద్దరూ ఒక్క డబ్బా కూడా ముట్టుకోరు. ఆ ఇద్దరు లేకుండా కారు నిండదు.

ఈ గేమ్ తర్వాత వచ్చినవాళ్లు ఈ ఆలోచనని ఇంకా ముందుకి తీసుకెళ్లారు. డెన్మార్క్‌లోని ఘోస్ట్ షిప్ గేమ్స్ వారి డీప్ రాక్ గెలాక్టిక్‌లో నలుగురు గని కార్మికులకి నాలుగు వృత్తులు. గుహ గోడ మీద ఎత్తున ఖనిజం కనపడితే ఇంజనీరు దాని కింద ఒక మెట్టు కాల్చి అతికిస్తాడు. స్కౌట్ కొక్కెం విసిరి ఎగిరి వెళ్లి దాని మీద నిలబడి తవ్వుతాడు. ఒకరికి ఎగరడం వచ్చు, నిలబడే చోటు లేదు. మరొకరికి చోటు కట్టడం వచ్చు, ఎగరడం రాదు. స్వీడన్‌లోని యారోహెడ్ వారు 2024 ఫిబ్రవరిలో తెచ్చిన హెల్‌డైవర్స్ 2లో పెద్ద తుపాకిని ఒకడు భుజాన ఎత్తుకుంటే, గుళ్ల సంచి మోసే రెండోవాడు పక్కన నిలబడి నింపుతాడు. అలా చేస్తే ఒక్కడు చేసేదానికంటే ఎన్నో రెట్లు వేగంగా పేల్చవచ్చు. అయినా ఆ రెండోవాడుగా నిలబడడానికి ఇష్టపడేవాళ్లు తక్కువ. పేల్చే సరదా మొదటివాడిదే కదా. అలా నిలబడేవాళ్లు దొరికిన జట్టు అదృష్టవంతమైన జట్టు.

కొత్తవాళ్ల విషయం వేరుగా చెప్పాలి. లెఫ్ట్ ఫర్ డెడ్ లాంటి పాత గేమ్‌లో ప్రతి గది, ప్రతి మలుపు కంఠతా వచ్చినవాళ్లు ఉంటారు. వాళ్ల మధ్యకి మొదటిసారి వచ్చినవాడు కారు అలారం మోగిస్తాడు, విచ్ మీద టార్చి వేస్తాడు, తోటివాడి వీపులో కాలుస్తాడు. ఓటు వేసి అతన్ని బయటికి పంపే సదుపాయం గేమ్‌లో ఉంది, అది ఉండాల్సిందే, కావాలని పాడుచేసేవాళ్లూ ఉంటారు కాబట్టి. తెలియక చేసినవాణ్ని పంపేస్తే మాత్రం జట్టు ముగ్గురికి తగ్గి, నాలుగో చోట కంప్యూటర్ బాట్ నిలబడుతుంది. బాట్ గురి బాగుంటుంది. కానీ పైప్ బాంబు విసరదు, ఎటు వెళ్లాలో చెప్పదు, అందరూ పడిపోయినప్పుడు ఒంటరిగా గెలిపించదు. నేర్చుకుంటున్న మనిషి వారం తిరిగేసరికి ఇవన్నీ చేస్తాడు. "అది విచ్ తమ్ముడూ, లైటు ఆర్పు" అని ఒకసారి చెప్పడానికి పట్టేది రెండు సెకన్లు. తిట్టడానికి పట్టేదీ అంతే. తిట్టు తిన్నవాడు మైక్ ఆపేస్తాడు, ఆ తర్వాత అతని వెనక ఏమొచ్చిందో ఎవరికీ తెలియదు.

కలిసి ఉండమని ఇంతగా నేర్పిన ఈ గేమ్‌ని తయారు చేసినవాళ్లే 2010 అక్టోబరులో ది శాక్రిఫైస్ అనే ప్రయాణాన్ని చేర్చారు. దాని చివర నలుగురూ ఒక వంతెన మీదికి చేరతారు, వంతెన పైకి లేస్తే బతుకుతారు. అది సగంలో ఆగిపోతుంది. కింద మూకల మధ్య జనరేటర్ ఆగింది. ఎవరో ఒకరు దిగి దాన్ని మళ్లీ నడిపించాలి. దిగినవాడు తిరిగి పైకి రాలేడు. అధికారిక కథలో దిగింది బిల్ అనే ముసలి సైనికుడు. ఆ ఏడాది అంతకుముందే వచ్చిన ది పాసింగ్ అనే మరో ప్రయాణంలో అతని శవం జనరేటర్ పక్కనే పడి ఉంటుంది. ఆటలో మాత్రం ఎవరైనా దిగవచ్చు, గేమ్ పేరు పెట్టి ఎవరినీ పిలవదు. చాలా జట్లలో అప్పటికే లోకం నలుపు తెలుపుగా కనపడుతున్నవాడు దిగుతాడు. కొన్ని జట్లలో అందరికంటే బాగా ఆడేవాడు, ఎవరూ అడగకుండానే, అంచు మీంచి దూకేస్తాడు. వంతెన లేస్తుంది. చివర తెర మీద పేర్లు వస్తాయి, ఎందరు శత్రువులు చచ్చారో, ఎవరు ఎవరిని ఎన్నిసార్లు లేపారో లెక్కలు వస్తాయి. కిందికి దిగిన పాత్ర పేరు ఆ లెక్కలతో కలపరు. అది స్మృత్యర్థం అన్న మాట కింద విడిగా ఉంటుంది.